ఒకే ఓడ, ఎవరి దారి వాళ్ళది

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చారంటే అమెరికాలో తెలుగువాళ్ళ టూర్ ప్లాన్ దాదాపు రాసిపెట్టి ఉంటుంది. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ డీసీ, దారిలో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. పడమటి వైపైతే వేగాస్, గ్రాండ్ కాన్యన్. అందరూ ఒకే వ్యాన్‌లో ఎక్కాలి, ఒకే టైముకి లేవాలి, ఒకే చోట దిగాలి, ఒకే ఫోటోలో నిలబడాలి. ఎవరో ఒకరు తెమలరు. ఎవరో ఒకరు అలుగుతారు. మధ్యాహ్నం ఏ రెస్ట్ ఏరియాలోనో పులిహోర డబ్బా మూత తీశాక ఆ అలక కాస్త తగ్గుతుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు అందరం నిద్రపోతాం, బట్టలు మాత్రం ఎవరో ఒక్కరే ఉతుకుతారు.

మూడు తరాలు కలిసి వెళ్ళే ట్రిప్‌కి క్రూజ్‌ని మించింది లేదని ఇప్పుడు నేను కనిపించిన వాళ్ళందరితో వాదిస్తున్నాను. సముద్రం కోసమో, తిండి కోసమో, మెక్సికో కోసమో అనడం లేదు. అందరూ ఒకే కప్పు కింద ఉంటూనే ఎవరి పాటికి వాళ్ళు తప్పించుకు తిరిగే వీలు అక్కడుంది. ఈ మాట అంటే మా ఆయన "అంటే మా వాళ్ళతో ఉండటం కష్టమనా?" అన్నారు. మీ వాళ్ళతోనే కాదండీ, మా వాళ్ళతోనూ, మీతోనూ, కన్నపిల్లలతోనూ కూడా. ఇరవై నాలుగు గంటలూ కలిసే ఉంటేనే ప్రేమ అనే లెక్క మన వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో గానీ, దాని వల్ల పాడైన వెకేషన్లు చాలా చూశాను.

మా ఇంటి సంగతి ఇదీ. ఉండేది డాలస్ దగ్గర. రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు ఆరు నెలలకని వచ్చారు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు, రెండు మోకాళ్ళూ నొప్పులు, గంట దాటి కార్లో కూర్చోలేరు. ఆవిడకి ఏ ఊరెళ్ళినా మొదటి ప్రశ్న "అక్కడ స్టవ్ ఉంటుందా?" పెద్దది పద్నాలుగేళ్ళ పిల్ల, ఇంట్లో మాట్లాడటం మానేసి కొన్నాళ్ళైంది. చిన్నవాడికి డైనోసార్లు తప్ప లోకం లేదు. ఈ నలుగురికీ ఒకేసారి నచ్చే ఊరు అమెరికా మ్యాపులో ఎంత వెతికినా దొరకలేదు. థాంక్స్‌గివింగ్‌కి స్కూళ్ళకి వారమంతా సెలవులు. టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రాత్రుల క్రూజ్, మెక్సికోలో ప్రోగ్రెసో, కొజుమెల్ చూపించి తీసుకొస్తుంది. మా ఆయన బుక్ చేసేశారు.

అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నాకు గోదారి చాలమ్మా, సముద్రం వద్దు" అన్నారు. తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. యాభై మంది దాకా పోయారు. వరద గోదావరిలో అడుగున ఇరుక్కున్న ఆ బోటుని బయటికి తీయడానికి నెల పైనే పట్టింది. చివరికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లాగింది. అన్నాళ్ళూ ఆవిడ రాజమండ్రిలో టీవీ ముందు కూర్చున్న మనిషి. లైఫ్ జాకెట్లు చాలామంది వేసుకోలేదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. అది ఆవిడ మర్చిపోలేదు. "పడవెక్కి సరదాలేంటి?" అంటే మా దగ్గర జవాబు లేదు.

జవాబు ఓడలోనే దొరికింది. టైటానిక్ 1912లో మునిగాక రెండేళ్ళకి సముద్ర భద్రత మీద మొదటి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, ఇప్పటి నియమాలకి మూలం అదే. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కిన వందల మందికి అప్పటికింకా ప్రమాదంలో ఏం చేయాలో చూపించే డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే ఆ డ్రిల్లు అయిపోవాలని నియమం మార్చారు. ఓడ ఎక్కిన రోజు జనమంతా ఫోన్లు చూసుకుంటూ ఆ డ్రిల్లుని ముక్తసరిగా కానిచ్చేస్తుంటే, అత్తయ్యగారు మాత్రం లైఫ్ జాకెట్ ఎక్కడుంటుంది, మా పడవ నంబరేంటి, పిల్లల సైజు వేరే ఉందా అని ఒక్కొక్కటీ నా చేత అడిగించారు. డ్రిల్లు చేయిస్తున్న సిబ్బంది అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. ఆ తర్వాత అత్తయ్యగారు మళ్ళీ భయం మాట ఎత్తలేదు. పాపికొండల బోట్లకి కూడా ఇలాంటిది ఉంటే ఎంత బావుండేదని మాత్రం రెండు మూడు సార్లు అన్నారు.

కాగితాల గురించి కాస్త చెప్పాలి, మన వాళ్ళకి ఎక్కువ టెన్షన్ దీని గురించే. ఓడ మెక్సికో వెళ్ళి వస్తే అమెరికాలోకి మళ్ళీ కొత్తగా వచ్చినట్టే లెక్క. కాబట్టి పెద్దవాళ్ళ విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, గడువు ఉండాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళని మెక్సికో విడిగా వీసా అడగదు. వర్క్ వీసా స్టాంపు గడువు దాటిపోయిన వాళ్ళు మాత్రం పక్కింటివాళ్ళ మాట నమ్మి ఓడెక్కొద్దు, లాయర్ని అడగండి. ఇంకోటి, ఇండియాలో కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద పనిచేస్తుందో లేదో పాలసీ తెరిచి చూడండి. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు డాలర్లలో మీ గది బిల్లుకే ఎక్కుతుంది.

డాలస్ నుంచి గాల్వెస్టన్ ఐదు గంటల డ్రైవ్. మావయ్యగారి మోకాళ్ళ కోసం గంటకోసారి ఆగాం కాబట్టి మాకు అంతకన్నా ఎక్కువే పట్టింది. ఊరు చేరాక సముద్రం ఒడ్డున పొడుగాటి గోడ కనిపించి, ఇదేంటని ఆయన అడిగారు. 1900 సెప్టెంబరులో వచ్చిన తుఫాను ఈ ఊరిని తుడిచిపెట్టేసింది. చనిపోయినవాళ్ళు ఎనిమిది వేల దాకా ఉంటారని అంచనా. తర్వాత ఇక్కడివాళ్ళు గోడ కట్టడంతో ఆగలేదు, ఇళ్ళని జాకీల మీద పైకెత్తి, కింద ఇసుక నింపి ఊరి నేలనే ఎత్తు పెంచారు. ఇది విని ఆయన దివిసీమ ఉప్పెన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. 1977 నవంబరు. కథ సగంలో ఉండగా పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది, చిన్నవాడు బాత్రూమ్ అన్నాడు, పార్కింగ్ వచ్చేసింది. వ్యాన్‌లో కథలకి పట్టే గతి ఇదే.

సెక్యూరిటీ దగ్గర స్కానర్లో అత్తయ్యగారి పెట్టె ఆగిపోయింది. లోపల చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు. నిప్పు భయానికి కుక్కర్లు, కెటిళ్ళు, ఇస్త్రీపెట్టెలు ఓడలోకి రానివ్వరు. సముద్రం మధ్యలోకి ఫైరింజన్ రాదు కదా. రసీదు ఇచ్చి తీసుకున్నారు, దిగేరోజు తిరిగిచ్చేశారు. ఇంట్లో చేసిన తిండి కూడా తేనివ్వరు. సీలు తీయని ఆవకాయ సీసా ఒకటి మాత్రం గట్టెక్కింది. కుక్కరు పోయిన ఆ క్షణంలో ఆవిడ మొహం చూస్తే ఈ ట్రిప్పు ఇక్కడే అయిపోయిందనిపించింది. నిజానికి ఆవిడ సెలవు మొదలైంది అప్పుడే. దగ్గర స్టవ్ లేదు, కుక్కరు లేదు, కడగడానికి గిన్నె లేదు, ఎవరికీ వండిపెట్టాల్సిన బాధ్యత లేదు. మొదటి మధ్యాహ్నం తిని పడుకున్నవారు సాయంత్రం దాకా లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని వెళ్ళి చూశాను కూడా. "ఇలా నిద్రపోయి ఎన్నేళ్ళైందో అమ్మాయ్" అన్నారు.

రెండు గదులు తీసుకున్నాం. బాల్కనీ ఉన్నది పెద్దవాళ్ళకి, కిటికీ కూడా లేని లోపలి గది మాకూ పిల్లలకీ. దీని మీద స్నేహితులు నవ్వారు గానీ నా సలహా ఇప్పటికీ ఇదే. పిల్లలున్నవాళ్ళు గదిలో ఉండేది నిద్రపోవడానికే. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మాత్రం నాలుగడుగులు వేస్తే సముద్రం కనిపించే కుర్చీ దొరకడం పెద్ద విషయం. మావయ్యగారు సగం రోజు అక్కడే. ఇంకో మాట, గదులు పక్కపక్కనే కావాలని పట్టుబట్టకండి. మావి వేరు వేరు అంతస్తుల్లో వచ్చాయి. మా ఆయన కౌంటర్ దగ్గరికెళ్ళి మార్చమని అడగబోతే నేనే ఆపాను.

ఓడలో రోజు ఎలా ఉండేదంటే, పొద్దున టిఫిన్ దగ్గర కలిసేవాళ్ళం, మళ్ళీ రాత్రి భోజనం దగ్గరే. మధ్యలో ఎవరెక్కడున్నారో ఓడ యాప్‌లో మెసేజ్ పెడితే తెలిసేది, పెట్టకపోతే తెలిసేది కాదు. పిల్ల టీనేజ్ క్లబ్బుకి పోయింది. మొదటి గంట మొహం మాడ్చుకుని, ఆ తర్వాత మేం పిలిచినా రాలేదు. చిన్నవాడికి నీటి జారుడుబల్లలు. మా ఆయనకి పనేమీ లేకుండా కూర్చోవడం ఎలాగో తెలుసుకోవడానికి ఒక రోజు పట్టింది. మావయ్యగారు క్విజ్ పోటీల దగ్గర చేరి, సైన్సు ప్రశ్న వచ్చినప్పుడల్లా పక్క టేబుల్‌లో ఉన్న టెక్సాస్ ముసలాయనకి జవాబులు అందించేవారు. అత్తయ్యగారు బింగో నేర్చుకున్నారు. ఇది మా ఇంట్లో ఎవరూ ఊహించనిది. కార్డు మీద అంకెలు కొట్టేస్తూ ఆవిడ కళ్ళలో కనిపించిన పట్టుదల నేను వంటింట్లో ఎప్పుడూ చూడలేదు.

నా వాదనకి అసలు సాక్ష్యం రాత్రి భోజనం టేబుల్. రోజంతా విడివిడిగా తిరిగొచ్చాం కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గరా మిగతావాళ్ళకి తెలియని కబురు ఒకటి ఉండేది. టీనేజ్ క్లబ్బులో హ్యూస్టన్ నుంచి వచ్చిన ఒక పిల్ల తనకి ఏ కార్డు ఆట నేర్పిందో పెద్దది చెప్పింది. మేం ఎవరం అడగలేదు, తనే చెప్పింది. నయాగరా ట్రిప్పులో అందరం అదే చూశాం, అదే తిన్నాం, అదే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. రాత్రి హోటల్లో ఇక చెప్పుకునేదేముంటుంది?

మనకి ఇలాంటి ఏర్పాటు కొత్తేం కాదనుకుంటాను. పాతకాలపు పెళ్ళివారి విడిది ఇలాగే ఉండేది. వంట ఎవరో చూసుకునేవారు. పిల్లలు గుంపుగా ఎటో పోయేవారు, మగవాళ్ళు అరుగు మీద పేకాట, ఆడవాళ్ళు లోపల కబుర్లు, అందరూ కలిసేది పంక్తి భోజనం దగ్గరే. ఐదు రోజుల పెళ్ళిళ్ళు అందుకే నడిచాయి. ఇప్పుడు ఒక్క రోజు పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ చెప్పిన చోటల్లా అందరం ఒకేసారి నిలబడి, సాయంత్రానికి ఒకరంటే ఒకరికి విసుగొచ్చి ఇంటికెళ్తున్నాం.

తిండి గురించి రాయకపోతే తెలుగువాళ్ళు ఊరుకోరు. బఫే పొద్దున నుంచి రాత్రి దాకా ఉంటుంది, పిజ్జా ఎప్పుడడిగినా దొరుకుతుంది. డైనింగ్ హాల్లో ఇండియన్ వెజిటేరియన్ భోజనం అడగొచ్చు, కానీ ముందురోజే చెప్పాలి. అది ఉత్తరాది రుచి. పప్పు, పనీర్, ఏదో ఒక కూర, పొడుగు మెతుకుల అన్నం. అత్తయ్యగారి తీర్పు: "ఉప్పు తక్కువ, గౌరవం ఎక్కువ." ఆవకాయ సీసా లేకపోతే ఈ రెండో ముక్క ఉండేది కాదేమో. మావయ్యగారు చేపల విషయంలో ఉదారంగా ఉన్నారు. పులస తిన్న నోటితో సాల్మన్ గురించి చెడుగా మాట్లాడకపోవడం గోదావరి జిల్లా మనిషికి పెద్ద సంస్కారమే. ప్లేట్ల నిండా పెట్టుకుని సగం వదిలేసే జనాన్ని చూసి మాత్రం ఇద్దరూ రోజూ బాధపడ్డారు.

మొదటి రాత్రి ఉత్తరపు గాలి తోలింది. చలికాలం గల్ఫ్‌లో ఇది మామూలే. ఓడ మెల్లగా ఊగింది, పెద్దదానికి వాంతులు. మెక్లిజిన్ మాత్ర, ఆకుపచ్చ ఆపిల్, అత్తయ్యగారి శొంఠిపొడి, ఈ మూడింటిలో ఏది పనిచేసిందో గానీ పొద్దుటికి తేరుకుంది. కదలిక పడనివాళ్ళు కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో ఉండే గది తీసుకోవడం మంచిది. వాంతులంటే గుర్తొచ్చింది. క్రూజ్ అంటేనే నోరోవైరస్ అని, అంటే వాంతులు, విరేచనాలు అంటించే వైరస్ అని ఒక పేరుంది. బఫే గుమ్మంలో నిలబడి పాట పాడుతూ మరీ చేతులు కడిగిస్తారు. విదేశీ రేవుల నుంచి అమెరికాకి వచ్చే ఓడల్లో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి విరేచనాలో వాంతులో అయినట్టు లెక్క తేలితే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరు జనానికి తెలిసేలా ప్రకటిస్తుంది. పెళ్ళి భోజనాలకి ఇలాంటి లెక్క ఎవరైనా కడితే అప్పుడు పోల్చి చూడొచ్చు.

"అసలు మెక్సికో చూశారా మీరు?" అని అడిగిన స్నేహితులున్నారు. లేదు, చూడలేదు. ఒక రేవులో ఆరేడు గంటలు ఆగి ఒక దేశం చూశామనడం సిగ్గుచేటు. ఓడ అక్కడికి వెళ్ళడానికి మనకి చూపించాలనే కోరిక ఒక్కటే కారణం కాదు కూడా. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశంలో రిజిస్టరై విదేశీ జెండాతో తిరిగే ఓడ మధ్యలో ఏ విదేశీ రేవునీ తాకకుండా అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని అమెరికా రేవులోనే దించకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. కాబట్టి గాల్వెస్టన్‌లో బయల్దేరి గాల్వెస్టన్‌కే చేరే ఓడ మెక్సికోనో హోండురాస్‌నో తాకి రాక తప్పదు.

అయినా ఆ కాసిన్ని గంటల్లో కూడా విడివిడిగా దిగడం వల్ల మాకు దక్కింది ఎక్కువ. ప్రోగ్రెసోలో దిగింది మావయ్యగారు, చిన్నవాడు, మా ఆయన. అక్కడి జెట్టీ ఆరున్నర కిలోమీటర్ల పొడవు. యుకటాన్ తీరంలో సముద్రం అడుగున సున్నపురాయి చాలా మెల్లగా వాలుతుంది, పెద్ద ఓడ నిలబడేంత లోతు రావాలంటే అంత దూరం పోవాలి. అందుకే ఓడ ఆగగలిగే చోటి దాకా జెట్టీని కట్టుకుంటూ పోయారు. ఊళ్ళోకి బస్సులు తిప్పుతారు. మా ఆయన పనిమీద ఫోన్లో ఉండిపోతే తాతామనవళ్ళు ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. అక్కడికి తూర్పున కొద్ది కిలోమీటర్లలోనే చిక్షులూబ్ అనే ఊరుంది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట డైనోసార్లని అంతం చేసిన గ్రహశకలం పడింది ఆ ప్రాంతంలోనే. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి. పైకి ఏమీ కనపడదు, సగం భూమి కింద, సగం సముద్రం కింద పూడిపోయి ఉంది. 1970ల చివర్లో చమురు వెతకడానికి తీసిన కొలతల్లో దాని ఆకారం బయటపడింది.

ఇదంతా మా వాడికి ముందే తెలుసు, తాతయ్యకి వాడే పాఠం చెప్పాడు. కానీ తాతయ్య దగ్గర వాడికి తెలియనిదొకటి ఉంది. దాదాపు అదే కాలంలో దక్కన్‌లో లావా పొంగింది. దాని కొస తూర్పు తీరం దాకా ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులో, గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో రోడ్లకి కంకర కొట్టే నల్లరాయి ఆ లావాయే. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. పడమటి నుంచి పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని వాళ్ళలో కొందరి లెక్క. ఆయన ఆ క్వారీలకి పిల్లల్ని పిక్నిక్ తీసుకెళ్ళేవారట. "అయితే తాతయ్యా, డైనోసార్లని చంపింది మెక్సికోనా, రాజమండ్రా?" అని అడిగాడట మావాడు. శాస్త్రవేత్తలు కూడా దీని మీద చాలాకాలం కొట్టుకున్నారని, ఇప్పుడు ఎక్కువమంది మెక్సికో వైపే ఉన్నారని ఆయన చెప్పారు. వాడు మాత్రం రాజమండ్రికి ఓటేశాడు. రాత్రి భోజనం దగ్గర ఈ వాదన మళ్ళీ మొదటి నుంచి జరిగింది, ఈసారి పెద్దది కూడా కలిసింది. దివిసీమ కథకి కార్లో పట్టిన గతి దీనికి పట్టలేదు.

కొజుమెల్లో మా ఆయన, పెద్దది పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్‌కి పోయారు. కొజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి అమెరికా తూర్పు తీరపు టైముకి మారింది. ఓడ టైము మాత్రం టెక్సాస్‌దే, అంటే గంట వెనక. ఫోన్ చూసుకుని వాళ్ళిద్దరూ గంట ముందే పరిగెత్తుకొచ్చి ఖాళీ రేవులో నిలబడ్డారు. తాతామనవళ్ళు ఓడ దిగలేదు. నేనూ అత్తయ్యగారూ ట్యాక్సీ మాట్లాడుకుని ద్వీపం మధ్యలో ఉన్న సాన్ హెర్వాసియో శిథిలాలకి వెళ్ళాం. మాయా ప్రజల దేవత ఇష్చెల్ క్షేత్రం అది. కాన్పులు, సంతానం ఆవిడ చూసుకునేది. మాయా ఆడవాళ్ళు జీవితంలో ఒక్కసారైనా పడవల మీద సముద్రం దాటి ఇక్కడికి రావాలనుకునేవారని చెప్తారు. గుళ్ళు చిన్నవి. "ఇంతేనా?" అన్నారు అత్తయ్యగారు మొదట. ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎండలో పడుకుని ఉన్నాయి, దోమలు విపరీతం. చెట్టు కింద కూర్చున్నాక, మా ఆయన పుట్టినప్పుడు తను పడిన అవస్థ, అప్పట్లో వాళ్ళ అత్తగారు అన్న మాటలు చెప్పుకొచ్చారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మధ్యలో కూరగాయల పళ్ళెం లేకుండా మేమిద్దరం మాట్లాడుకున్నది అదే మొదలు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపు. ఈ సుఖానికి ఎవరో వెల కడుతున్నారు. రెండో రాత్రి మా టేబుల్‌కి వచ్చిన కుర్రాడు అత్తయ్యగారి మాట విని, "తెలుగాండీ?" అన్నాడు. శ్రీకాకుళం వైపు వాడు. ఇంతకుముందు దుబాయ్ హోటల్లో చేశాడట, దాని కన్నా ఇదే నయమన్నాడు. ఎక్కి నెలలు గడిచాయి, దిగడానికి ఇంకా నెలలున్నాయి. వారాంతపు సెలవు లేదు, రేవు వచ్చినప్పుడు వీలైతే పడుకుంటాడు. అంతర్జాతీయ నావిక కార్మికుల ఒప్పందం ప్రకారం పని గంటలకి పరిమితి రోజుకు 14. ఇది పరిమితి అని చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఓడ మీద విదేశీ జెండా ఉంటుంది, కాబట్టి అమెరికా కనీస వేతన చట్టం అక్కడ వర్తించదు. "మనకి సెలవివ్వడానికి వీళ్ళ సెలవు తీసేసుకున్నారన్నమాట" అన్నారు అత్తయ్యగారు. ఆ కుర్రాడు నవ్వి పెరుగు తెచ్చిపెట్టాడు.

దీనికి నా దగ్గర సమర్థన లేదు. ఓడ తాగే ఇంధనానికి, ఏటా లక్షల మంది దిగే కొజుమెల్ దిబ్బలకి జరిగే నష్టానికి కూడా లేదు. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక సలహా మీద మాత్రం గట్టిగా వాదిస్తాను. టిప్పులు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల మధ్య బిల్లులో వాటంతటవే పడతాయి. మా ఆరుగురికి ఐదు రాత్రులకి ఐదొందల డాలర్ల దాకా అయింది. "గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్ళి తీయించేయండి, తీసేస్తారు" అని తెలిసినవాళ్ళు గొప్పగా చెప్తుంటారు. చాలా కంపెనీల్లో తీసేస్తారు, నిజమే. అదేమీ తెలివి కాదు. టికెట్ ధర అంత తక్కువగా కనిపించడానికి కారణమే జీతంలో కొంత భాగం మన బిల్లుకి మార్చడం. ఆ కొంత కూడా ఎగ్గొడితే, మన గది తుడిచి తువ్వాలుతో పిల్లలకి ఏనుగు బొమ్మ చేసిపెట్టిన మనిషికి ఎగ్గొట్టినట్టు. కంపెనీ మీద కోపముంటే కంపెనీకి రాయండి.

ధర సంగతీ చెప్పేస్తాను. 2024 జూలై నుంచి కాలిఫోర్నియా చట్టం పుణ్యమా అని పన్నులు, పోర్టు ఫీజులు కలిపిన ధర ముందే చూపిస్తున్నారు. టిప్పులు, వైఫై, రేవుల్లో టూర్లు, కూల్‌డ్రింకులు, గాల్వెస్టన్‌లో పార్కింగ్ అందులో ఉండవు. మద్యం ప్యాకేజీ ఒకరు కొంటే సాధారణంగా అదే గదిలో ఉన్న ఇంకో పెద్దవాళ్ళు కూడా కొనాలి. మేం కొనలేదు. అన్నీ కలిపి మా బిల్లు మొదట చూసిన ధరకి ఒకటిన్నర రెట్లు దాటింది. అంతకీ, ఆరుగురం వేగాస్ వెళ్ళి హోటల్, విమానం, తిండి పెట్టుకుంటే తక్కువేం అయ్యేది కాదు. ఊళ్ళు చూడాలనే తపన ఉన్నవాళ్ళు, గుంపంటే పడనివాళ్ళు క్రూజ్ ఎక్కొద్దు. కొత్త దంపతులకైతే అస్సలు చెప్పను, వాళ్ళకి ఒకరినుంచి ఒకరు తప్పించుకునే అవసరం ఇంకా రాలేదు.

రాజమండ్రికి తిరిగెళ్ళాక అత్తయ్యగారు ఫోన్లో వైజాగ్ గురించి ఆరా తీస్తున్నారు. 2023 సెప్టెంబరులో అక్కడ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంతకుముందే, 2022లో, కోర్డీలియా అనే క్రూజ్ ఓడ వైజాగ్ నుంచి నడిచింది. ఈసారి ఆడపడుచు కుటుంబం, మరిది కుటుంబం కూడా కలుస్తామంటున్నారు. మరిదిగారు అప్పుడే గ్రూపు పెట్టి, అందరికీ ఒకే వరసలో గదులు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, పొద్దున ఏడింటికి అందరూ డెక్ మీదికి రావాలి అని మెసేజ్ పెట్టారు. నేను చూసి ఊరుకున్నాను. అత్తయ్యగారు మాత్రం కింద ఒక్క ముక్క జవాబు పెట్టారు: "నా గది వేరే అంతస్తులో తియ్యి బాబూ."